జామచెట్టుకి వేలాడిన మూకుడు

మొన్న మా అమ్మాయి ఫోనులో ఆర్డరు పెట్టి ఒక సీసా తెప్పించింది. చైనా వంటల్లో వేసుకునే వెల్లుల్లి నూనెట, అడుగున కరకరలాడే ముక్కలతో సహా. మూత తీశానో లేదో, వసారాలో మంచం మీదున్న మా అత్తగారు "ఇది మాడిందే అమ్మాయ్, చేదొస్తది, అవతల పెట్టు" అంది. కన్నెత్తి చూసింది కూడా లేదు, వాసన పట్టే చెప్పింది. నాకు మళ్ళీ ఆ రోజు గుర్తొచ్చింది. ఆనాడు ఎక్కిన దిమ్మ నాకింకా దిగలేదు.

మాది నరసరావుపేట, కిరాణా వ్యాపారం. కొట్లో వెల్లుల్లి బస్తాల లెక్కన అమ్ముతాం గానీ ఒక్క రెబ్బ ఇంటి గడప దాటకూడదు. అది మా అత్తగారి చట్టం. నేను కాపరానికొచ్చిన కొత్తలో మా ఆయన చొక్కా జేబులో పొరపాటున ఓ రెబ్బ దొరికితే, ఆ చొక్కాని కర్రతో ఎత్తి పెరట్లో పారేసి, ఇల్లంతా పసుపునీళ్ళు చల్లి, తను తలంటు పోసుకుంది. పిల్లకి దగ్గొచ్చి వెల్లుల్లి పాలు కాచాలన్నా పెరట్లో జామచెట్టు కింద వేరే పొయ్యి, వేరే మూకుడు. ఆ మూకుడు చెట్టుకి కొట్టిన మేకుకే వేలాడేది. వానొచ్చినా సరే, లోపలికి రాకూడదు.

అలాంటి మనిషికి జ్వరమొచ్చింది. తగ్గింది గానీ, పోతూ పోతూ వాసనా రుచీ పట్టుకుపోయింది. ఇంగువ ముక్కు దగ్గర పెట్టినా ఏం లేదంది. గోంగూర పచ్చడి కలిపి పెడితే "మట్టి తిన్నట్టుందే" అని పళ్ళెం నెట్టేసింది. కాఫీ వద్దు, పప్పుచారు వద్దు. చేతి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. నోట్లోకి తిండి పోకపోతే మందులేం చెయ్యలేవని డాక్టరు మా ఆయన్ని పక్కకి పిలిచి చెప్పేశాడు. కోటప్పకొండకి మొక్కుకున్నాను. నన్ను గడగడలాడించిన మనిషి కళ్ళముందే అలా కరిగిపోతుంటే నాకు చెప్పలేనంత భయమేసేది.

ఆ రోజు మా అమ్మాయి ఫ్రైడ్ రైస్ కావాలని కూర్చుంది. దానికి వెల్లుల్లి నూనె ఉండి తీరాలంది. సరేనని పెరట్లోకి వెళ్ళాం. వేయించడం కూడా నాకొకళ్ళు నేర్పాలా అని, పోపుకి కాచినట్టే నూనె పొగలొచ్చేదాకా కాచి, తరిగిన వెల్లుల్లి గుప్పెడూ కుమ్మరించాను. కన్నుమూసి తెరిచేలోగా బొగ్గయి కూర్చుంది. "అమ్మా, ఇది తాలింపు కాదు!" అని అది నెత్తి కొట్టుకుంది. మళ్ళీ సన్నగా తరిగి, ఈసారి చల్లటి వేరుశనగ నూనెలో వెల్లుల్లి వేశాకే పొయ్యి వెలిగించాం. సన్నమంట మీద గరిటె ఆపకుండా తిప్పుతుంటే ముక్కలు లేత పసుపుకి తిరిగాయి. "దించెయ్, ఆ వేడికే మిగతాది వేగుద్ది" అంది. జల్లెడలో వడగట్టాను. కమ్మటి వాసన పెరడంతా కమ్మేసింది.

"ఏందే ఆ వాసన?"

లోపల్నించి మా అత్తగారి గొంతు! నా పై ప్రాణాలు పైనే పోయాయి. మంచం దిగలేని మనిషి గోడ పట్టుకుని పెరటి గుమ్మం దాకా వచ్చేసింది. తిట్టడానికైనా లేచిందిలే అని సంతోషించాలో, పారిపోవాలో తెలియలేదు. "వెల్లుల్లి అత్తయ్యా" అన్నాను. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. "నాకు వాసన వస్తందే" అంది. అప్పటికి గానీ నాకు వెలగలేదు. చేతిలో జల్లెడ చేతిలోనే ఉండిపోయింది. ముందు మా అమ్మాయి ఏడ్చింది, తర్వాత నేను.

అంతటితో ఆగిందా! "ఇంత వేడన్నంలో కలిపి పెట్టు" అంది. "వెల్లుల్లి అత్తయ్యా!" అన్నాను మళ్ళీ, మతి గానీ చలించిందేమోనని.

"తెలుసులేవే. గురజాలలో మా అమ్మ వెల్లుల్లికారం కలిపి పెడితే చానా ఇష్టంగా తినేదాన్ని. ఈ ఇంటికొచ్చిన రోజే మా అత్త వద్దంది. మానేశా."

అమ్మ బాబోయ్! అంత తేలిగ్గా చెప్పేసింది. ఆ చొక్కా, ఆ పసుపునీళ్ళు, ఆ తలంటు అన్నీ నా కళ్ళముందు గిర్రున తిరిగాయి. ఇన్నేళ్ళూ ఈవిడకి అసహ్యమనుకున్నానే, ఇష్టమట! ఇష్టమైనదాన్ని అంత కసిగా తరిమిన మనిషిని నేనెక్కడా చూడలేదు.

జామచెట్టు కిందే పీట వెయ్యబోయాను. "ఇక్కడెందుకు? మూకుడుతో సహా లోపలికి పట్టుకురా" అంది. వంటింట్లో కూర్చుని పళ్ళెం ఖాళీ చేసి, మారు వడ్డించమంది. ఆ పూట నుంచీ మూకుడు లోపలే ఉంటోంది. చెట్టుకి మేకు మాత్రం మిగిలింది, చుట్టూ బెరడు కమ్ముకుపోయి. పెరటికీ వంటింటికీ మధ్యనున్నది ఒక్క గడపే. అది దాటి లోపలికి రావడానికి ఆ మూకుడికి మా అత్తగారి వయసంతా పట్టింది.