చూడకుండా చెప్పిన రిజల్టు

ఎవరికీ చెప్పని మాట ఒకటి ఇన్నేళ్లుగా నాలోనే ఉండిపోయింది. ఇంట్లోవాళ్లకూ తెలియదు. ముఖం తెలియని మీకు చెబుతున్నాను.

తొంభైల చివర, ఆత్మకూరులో మా ఇంటి ముందుగదిలో కంప్యూటరు పెట్టి ఇంటర్నెట్ తీసుకున్నాను. ఇంటి ఫోను మీదే నెల్లూరు నెంబరుకు డయల్ చేసి కలుపుకోవాలి. రెండు కంపెనీలవాళ్లు వచ్చారు. ఒకరిది నయమని తెలిసినవాళ్లు చెప్పినా వినకుండా చవకది తీసుకున్నాను. కలవడమే గగనం. కలిసినా పేజీ సగం దిగి ఆగిపోయేది. అయినా 'ఇంటర్ రిజల్ట్స్ నిమిషంలో' అని బోర్డు రాయించాను.

రిజల్ట్స్ రోజు మర్రిపాడు వైపు నుంచి ఒక అమ్మాయి తండ్రితో వచ్చింది. పేరు రూతు. తండ్రి గొర్రెలు మేపుకునే మనిషి, చెప్పులు బయట విడిచి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. పాసైతే ఆ పిల్ల నర్సు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టాలి. గడువు వారమే ఉంది.

ఆమె వంతు వచ్చాక లైను మూడుసార్లు తెగింది. వెనక వీధిదాకా జనం. "ఏంది, నీ కంప్యూటర్ నిద్రపోయినాదా?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. తెర తెల్లగానే ఉంది. అది నా ఒక్కడికే కనబడుతోంది.

"నీ నెంబరు లేదు పాపా," అన్నాను.

"ఇంకో తూరి చూడన్నా. బాగా రాసినాను."

"ఎన్ని తూర్లు చూసినా అంతే. లేదంటే లేదు."

ఆమె ఏడవలేదు. "రామ్మా, బస్సు పోతాది," అన్నాడు తండ్రి.

మర్నాడు పొద్దున లైను బాగా కలిసింది. ముందురోజు కాగితం మీద రాసుకున్న ఆమె నెంబరు కొట్టాను. పాస్. ఫస్ట్ క్లాస్.

మర్రిపాడు బస్సు మా వీధి చివరే ఆగుతుంది. ఎందుకు ఎక్కలేదు? ఒకరికి అబద్ధం చెప్పానని తెలిస్తే మిగతావాళ్లంతా తమ రిజల్టు కూడా చూశానా లేదా అని నిలదీస్తారని, బోర్డు పీకేసుకోవాల్సి వస్తుందని భయపడ్డాను. పేపర్లో చూసుకుంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. కంప్యూటరే లేదన్నాక పేపరు ఎవరు చూస్తారు?

ఏడాది తిరక్కముందే మా అమ్మకు ఆపరేషన్ అయింది. ఆసుపత్రిలో అమ్మ పక్కబట్టలు మార్చే ఆయాను చూసి ముఖం తిప్పుకోబోయాను. రూతు. తనూ నన్ను గుర్తుపట్టింది.

"నేను పాసేనన్నా. మెమో వచ్చినాక తెలిసింది. అప్పటికే గడువు దాటిపోయినాది. ఈ లోపల నాయన మంచాన పడినాడు, నేను పనిలో చేరినాను. ఆ రోజు మీ కంప్యూటర్ తప్పు చూపించినట్టుండాది."

ఆ క్షణంలో చెప్పాల్సింది. చెప్పలేదు.

"అవునమ్మా, అప్పట్లో నెట్ బాగా స్లో," అన్నాను.

ఆమె తలూపి, అమ్మను పక్కకు తిప్పి, వీపు తుడిచింది. అమ్మ ఆమెను నూరేళ్లు చల్లగా ఉండమని దీవించింది. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

మొదటి అబద్ధం తొందరలో చెప్పానని అనుకోవచ్చునేమో. రెండోది? అది తెలిసి, ఆలోచించి, ఆమె కళ్లలోకి చూస్తూ చెప్పాను.

ఇది ఆమెకు చెప్పాల్సిన మాట. ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. గట్టిగా వెతకనూ లేదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. కంప్యూటరు ఏ తప్పూ చూపించలేదు. నేనే చూడకుండా లేదన్నాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.