పసుపు పూసిన నిచ్చెన

నరసరావుపేట పత్తి మిల్లులో వెదురు నిచ్చెన పట్టుకోవడమే మీరయ్య పని. ఎవరు ఎక్కబోయినా, ముందు ఒక్కో మెట్టునూ వేలి కణుపులతో తట్టి చెవి ఒగ్గి వింటాడు. పగులుంటే వెదురు బొంగురుగా పలుకుతుంది. నిరుడు ఆయుధపూజకు నిచ్చెనకంతా తనే పసుపు పూసి, మెట్టుమెట్టుకూ కుంకుమ బొట్టు పెట్టాడు. మర్నాడు కప్పుకు పట్టిన దూది దులపడానికి బావమరిది గురవయ్య ఎక్కబోతుంటే, బొట్లు చెరుగుతాయని ఆ ఒక్కసారి మాత్రం తట్టలేదు. పసుపు కింద పగులు కనపడలేదు. ఏడో మెట్టు విరిగింది. ఆసుపత్రికి చేరేలోపే గురవయ్య ప్రాణం పోయింది. ఇప్పుడు ఎక్కినవాళ్ళు దిగి వెళ్ళిపోయినా మీరయ్య చేతులు నిచ్చెనను వదలవు.

"పైన ఎవురూ లేరు బాబాయ్, వదిలెయ్," అంది మిల్లు ఊడ్చే తిరుపతమ్మ.

"ఆ రోజూ గట్టిగానే పట్టుకున్నా అమ్మాయ్," అన్నాడు మీరయ్య. "నిచ్చెన కదల్లా."