చూడని దొడ్డికి నా సంతకం

ఆ రోజు తాలూకా కోర్టు హాల్లో ఉన్నవాళ్లు: మేజిస్ట్రేటు, గుమాస్తా, పోలీసుల తరఫున కోర్టు ఇన్‌స్పెక్టరు, కేసు పట్టిన జమేదారు, ముద్దాయి అయిన గొర్రెలకాపరి, అతని వకీలు, తలుపు దగ్గర నేల మీద కూర్చున్న అతని తల్లి, సాక్షిగా నేను. బల్ల మీద ఉన్నవి: చీటీ కట్టిన ఇత్తడి ఫుట్‌వాల్వు ఒకటి, నా సంతకమున్న పంచనామా రెండు పేజీలు.

ఆ వాల్వు ఒక మోతుబరి బావిలో, నీళ్లు తోడే ఆయిలింజను గొట్టం అడుగున ఉండేది. ఎవరో విప్పుకుపోయారు. తానే తీశానని ఠాణాలో కాపరి ఒప్పుకున్నాడట. తన గొర్రెల దొడ్డిలో తవ్వి చూపించాడట. ఆ తవ్వకాన్ని కళ్లారా చూసిన పంచ్‌ని నేను, పంచనామా ప్రకారం.

అరవైల మొదట్లో అచ్చంపేట వైపు చెరువు పనుల మీద ఓవర్సియర్‌గా ఉండేవాణ్ని. డిప్లొమా చేతికొచ్చి రెండేళ్లు. సర్కారు నౌకరు సంతకానికి విలువెక్కువని జమేదారు నన్ను ఠాణాకు పిలిపించాడు. వాల్వు కొలిచాను: రెండున్నర అంగుళాల గొట్టానిది. దొడ్డికి ఎప్పుడు పోదామని అడిగాను.

"గా పేడల మీ బూట్లు ఖరాబైతయ్ సారూ. మేం చూసినం గద! గీడనె సంతకం పెట్టుండ్రి, చాయ్ చల్లారుతాంది."

పెట్టాను. పంచ్‌గా పిలిస్తే అందరూ అలాగే పెట్టేవారు. అది మర్యాద అనుకునేవాళ్లం.

కోర్టు ఇన్‌స్పెక్టరు సంతకం నాదేనా అని అడిగి, అవుననగానే కూర్చున్నాడు. వకీలు ముసలాయన. గొంతు పెంచలేదు, నన్ను అబద్ధాలకోరు అనలేదు.

"మీరు కొలతల మనిషి. బావికాడికెల్లి దొడ్డి ఎన్ని గజాలుంటది సార్?"

ఏదో ఒక అంకె చెప్పొచ్చు. కాని కొలవని దూరాన్ని నేను ఎన్నడూ కాగితం మీద వేయలేదు. మేజిస్ట్రేటు కలం కింద పెట్టి ఓపిగ్గా ఆగారు. జమేదారు దగ్గాడు.

"ఆ దొడ్డి నేను చూడలేదండీ. ఠాణాలో కూర్చుని సంతకం పెట్టాను" అన్నాను.

నా తర్వాత పిలిచిన రెండో పంచ్, చాయ్ హోటలాయన, తనూ అంతేనన్నాడు.

పోలీసులకు ఇచ్చిన ఒప్పుకోలును చట్టం సాక్ష్యంగా తీసుకోనివ్వదని, దాన్ని చదవనని మేజిస్ట్రేటు అన్నారు. ఆ మాటల వల్ల నిజంగా సొత్తు దొరికితే అంతవరకు వినవచ్చు. కాని దొరికిందనడానికి ఉన్నది చూడనివాళ్లు సంతకం చేసిన కాగితం. దాన్ని రాయించినవాళ్ల మాట నమ్మలేనన్నారు. ఇక మిగిలింది వాల్వు ఒక్కటే. కాపరిని వదిలేశారు.

అతను దొంగో కాదో నాకు ఈనాటికీ తెలియదు. తెలియకుండానే జైలుకు పంపబోయాను. నన్ను అవమానించకుండా నాకు చేతనైన ప్రశ్న అడిగిన ఆ వకీలుకు, జవాబు వచ్చేదాకా ఆగిన ఆ మేజిస్ట్రేటుకు మనసులో ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో.

వరండాలో తల్లి నా చెయ్యి పట్టుకుంది.

"సల్లగుండు బిడ్డా, నిజం జెప్పినవ్." చెయ్యి వదల్లేదు. "గీ ముక్క గా దినమే జెప్తే నీ నోరు పడిపోవునా?"

ఆమెకూ కృతజ్ఞుణ్నే. ఆ తర్వాత చూడని దేనికీ నేను సంతకం పెట్టలేదు.

జామీను ఉండేవాళ్లు లేక ఆ కాపరి అప్పటికే జైల్లో ఉన్న రోజులు నలభై మూడు.