ఒక్కడిగా కనిపించిన మనిషి

దెయ్యాలంటే నాకు నవ్వొచ్చేది. ఫిల్మ్‌నగర్‌లో కెమెరా డిపార్ట్‌మెంట్‌లో పనిచేసినవాణ్ణి. పొగ వదిలి, నీలం లైటు వేసి ఎన్ని దెయ్యాలను తయారుచేశామో లెక్కలేదు. లంచ్ బ్రేక్‌లో అవి మా పక్కనే కూర్చుని పెరుగన్నం తినేవి. అలాంటి నేను ఇది రాయాల్సి వస్తుందనుకోలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. నమ్మడం, మానడం మీ ఇష్టం.

హైటెక్ సిటీ వైపు అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. నేను కృష్ణానగర్‌లో అద్దె గదిలో ఉండేవాణ్ణి. ఏళ్ళ తరబడి కెమెరా పెట్టెలు మోశాక అప్పుడే ఫోకస్ పుల్లర్‌నయ్యాను. నటుడు కదిలినప్పుడు బొమ్మ మసకబారకుండా లెన్సు మీది అంకెలు చూస్తూ తిప్పడం ఆ పని. కన్నే కూడు పెట్టే ఉద్యోగం.

ఒక ఉదయం జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దిగువన వాలులో ఆఫీసు క్యాబ్ ఒకటి అడ్డం తిరిగింది. బైకు జారి నా తల రోడ్డుకి కొట్టుకుంది. మెడలో ట్యాగులున్న సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళే నన్ను ఆస్పత్రిలో చేర్చారు. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. కానీ ఇంటికొచ్చాక మెట్లు దిగబోతే ఒక్కో మెట్టూ రెండుగా కనిపించింది, ఒకదాని మీద ఒకటి.

నరాల డాక్టరమ్మది వరంగల్. కాఫీ పొడి వాసన చూపించారు, బుగ్గలు పూరించమన్నారు, నాలుక చాపమన్నారు, భుజాలెగరెయ్యమన్నారు. మెదడు నుంచి నేరుగా బయటికొచ్చే నరాలు పన్నెండు జతలట. ఆవిడ వాటిని ఒక్కొక్కటే పేరుపెట్టి పలకరిస్తున్నట్టుంది ఆ పరీక్ష. చివరికి నాలుగోది దెబ్బతిందని తేల్చారు.

ఆ నరం సంగతి విన్నాక నా బాధ కాసేపు మర్చిపోయాను. పన్నెండింటిలోకీ సన్నది అదే. మిగతావి ముందు వైపు నుంచి బయల్దేరితే ఇదొక్కటే మెదడు కాండం వెనక నుంచి బయల్దేరి, అవతలి పక్కకి దాటి, పుర్రె లోపల చుట్టూ తిరిగి కంటికి చేరుతుంది. అంత దూరం వచ్చి కదిపేది ఒక్క చిన్న కండరాన్ని. ఆ కండరం, నూతి తాడులా, ఒక బుల్లి గిలక మీదుగా పోయి కంటిని కిందికి దించుతుంది. క్రేన్ల మీద బతికినవాణ్ణి, నా తలలోనే గిలక ఉందంటే ఒళ్ళు పులకరించింది. ఇంత నాజూకు పని ఏ సెట్లోనూ చూడలేదు.

"ఫికర్ చెయ్యకు తమ్మీ, మెల్లగ కోలుకుంటది. అప్పటిదాంక కిందికి చూస్తే ఏదైనా రెండే కనవడ్తది. ఒక కన్ను మూస్తే ఒకటైతది. తల పక్కకు వంచినా కలుస్తది," అన్నారు.

తల వంచుకుని సెట్‌కి వెళ్తే పెళ్ళిచూపులకొచ్చావా అని అందరూ ఏడిపించారు. లెన్సు అంకెలు ఒక కన్ను మూసి చదివేవాణ్ణి. కెమెరామన్‌కి తెలిస్తే పని పోతుందని భయం. అందుకే ఆయన ముందు మాత్రం తల నిటారుగా పెట్టేవాణ్ణి.

ఒక రోజు జమీందారు బంగళా సెట్. చెక్కతో కట్టిన ఎత్తయిన మెట్లు, పైన ఎర్ర తివాచీ. పై వసారాలోనే మా భోజనాలయ్యాక, అక్కడే నిలబడ్డ కెమెరామన్ నన్ను కింద ఉన్న లెన్సు పెట్టె తెమ్మన్నాడు. ఆయన చూస్తున్నాడు కాబట్టి తల వంచలేదు. మెట్లూ రెండు, రెయిలింగూ రెండు. చేత్తో తడుముకుంటూ దిగుతున్నాను.

సగం దిగేసరికి కొంచెం కింద ఒక మనిషి నిలబడి నా వైపే చూస్తున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు. అతను ఒక్కడిగా కనిపించాడు.

నాకు నయమైపోయిందనుకున్నాను. సంతోషం పట్టలేక పక్కనే రెయిలింగ్ చూశాను. రెండే. తివాచీ అంచు చూశాను. రెండే. మళ్ళీ అతన్ని చూశాను. ఒక్కడే. నా ఒక కంటికి మాత్రమే ఆనుతున్నాడేమోనని కుడి కన్ను మూశాను, ఉన్నాడు. ఎడమది మూశాను, ఉన్నాడు. రెండూ తెరిచాను. మెట్లు విడిపోయాయి, అతను విడిపోలేదు. అడుగు వెయ్యడం మర్చిపోయి అలాగే నిలబడిపోయాను.

"అన్నా, ఆగు! గాడ చెక్కల్లేవ్!" అని కింద నుంచి వడ్రంగి యాదగిరి అరిచాడు.

తర్వాతి షాట్‌కి కెమెరాను మెట్ల అడుగున పెట్టాలట. అందుకని భోజనాల వేళ కింది నుంచి చెక్కలు ఊడదీశారు. కెమెరా కోసం సెట్‌ని అలా ఊడదీయడం మాకు మామూలే. పైన తివాచీని మాత్రం ఎవరూ కదపలేదు, పైనున్న మాకు చెప్పనూ లేదు. పరుగెత్తుకొస్తున్న యాదగిరి నాకు ఇద్దరుగా కనిపించాడు. తెల్ల చొక్కా మనిషి లేడు. యాదగిరి కర్రతో పొడిస్తే తివాచీ లోపలికి కుంగిపోయింది. కింద అంతా ఇనుప స్టాండ్లు. ఆ తెల్ల చొక్కా మనిషి నిలబడ్డది సరిగ్గా అక్కడే.

కెమెరామన్‌కి అంతా చెప్పేశాను. "మెట్ల మీద నువ్వు తప్ప ఎవరూ లేరురా," అన్నాడాయన. "కన్ను బాగయ్యాక రా వెధవా. నీ చోటు ఎక్కడికీ పోదు." ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా.

తలకి దెబ్బ తగిలింది కదా, భ్రమ అనుకోవచ్చు. నేనూ అదే అనుకున్నాను. మరి చెక్కలు తీసిన సంగతి నా మెదడుకి ఎవరు చెప్పారు?

డాక్టరమ్మ నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. తల నిటారుగా ఉందా, ఏ కన్ను ముందు మూశావు, రెయిలింగ్ అదే ఎత్తులో ఉందా అని ఒక్కొక్కటే అడిగారు. బొమ్మ గియ్యబోయి పెన్ను పక్కన పెట్టారు. "ఉన్న మనిషైతే నీకు ఇద్దరు కనవడాలె. ఆయన నీ కంటి తోవల రాలే తమ్మీ. ఏ తోవల వచ్చిండో నాకైతే తెల్వది." అంత చదువుకున్న మనిషి తెలియదని అంత తేలిగ్గా అనడం చూసి ఆవిడ మీద గౌరవం ఇంకా పెరిగింది.

నరం కోలుకుంది. ఆ సన్నటి దారం, ఆ గిలక మళ్ళీ పనిలో పడ్డాయి. అతనెవరో ఇప్పటికీ తెలియదు. కృతజ్ఞత మాత్రం ఉంది, ఎటు తిరిగి దణ్ణం పెట్టాలో తెలియని కృతజ్ఞత. ఇప్పుడు నాకు ఎదురయ్యే ప్రతి మనిషీ ఒక్కడిగానే కనిపిస్తాడు, మీకు కనిపించినట్టే. వాళ్ళలో నిజంగా ఉన్నదెవరో, లేనిదెవరో తేల్చి చెప్పడానికి ఆ దెబ్బతిన్న కన్ను ఇప్పుడు లేదు, బాగైపోయింది.