తిరిగి చెప్పడం

మా స్వీడన్‌లో విమానాలకు దారి చెప్పే గదిలో హోకన్ కుర్చీ నా పక్కనే. ఎంత ఎత్తులో ఎగరాలో మేం చెబితే పైలట్ అదే తిరిగి చెప్పాలి, తప్పుంటే మేం దిద్దాలి. ఒక రోజు ఒక పైలట్ వేరే ఎత్తు తిరిగి చెప్పాడు. హోకన్ చెవికి మాత్రం తను చెప్పిందే వినబడింది, దిద్దలేదు. రెండు విమానాలు గుద్దుకోవడం వెంట్రుకవాసిలో తప్పింది. ఎవరికీ ఏమీ కాలేదు, హోకన్‌కు తప్ప.

విచారణకు వచ్చినవాళ్లు "ఎవరికైనా జరిగేదే" అన్నారు. వాళ్ల జాలి తగలెయ్య! నాలుగు తిట్టి ఉంటే బాగుపడేవాడు. తన చెవుల మీద నమ్మకం పోయి, ఎవరేం చెప్పినా తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు.

"కాఫీకి రారా" అంటే, "కాఫీకి రమ్మంటున్నావు" అనేవాడు.

"చిలకలా ఏంట్రా ఇది?"

"ముందు నేను విన్నది కరెక్టేనా, చెప్పు."

మొన్న ఆదివారం వాళ్లింట్లో దాల్చినచెక్క బన్నులు తింటున్నాం. అతని భార్య గున్వోర్ పెట్టెతో గుమ్మంలో నిలబడింది.

"ఇక నావల్ల కాదు హోకన్. వెళ్లిపోతున్నా. మళ్లీ రాను."

"వెళ్తున్నావు," అన్నాడు హోకన్ నెమ్మదిగా. "మళ్లీ వస్తావు."

గున్వోర్ విన్నది. దిద్దకుండానే తలుపు వేసి వెళ్లిపోయింది.