రాని డిస్క్ కోసం ఆగిన కంప్యూటర్

భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే చిన్న ల్యాబ్‌లో కొత్తగా చేరాను. దాన్ని నడిపేది కెమిస్ట్రీ చదివిన ఒక మేడమ్. పాత రిపోర్టులన్నీ కంప్యూటర్‌కు తగిలించిన విడి డిస్క్‌లో ఉండేవి. అది మొరాయిస్తే ఓ సాయంత్రం ఊడదీసి రిపేరుకు పంపారు.

మర్నాడు పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే సగం దాకా వచ్చి ఆగిపోయింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, అంతే. అప్పటికే రైతులు నీళ్ళ సీసాలు పట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు.

“ఏంటమ్మా, మా చెరువు నీళ్ళు చూసి జడుసుకుందా?” అన్నారు ఒక పెద్దాయన. అందరూ నవ్వారు.

“లాభం లేదు. అంతా చెరిపేసి కొత్తగా వేయించేద్దాం,” అన్నారు మేడమ్.

“ఒక్క నిమిషం ఆగండి. ఏదో చెబుతోందండి, చదవనివ్వండి,” అన్నాను.

అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో! ఆ కంప్యూటర్‌ను నడిపే లైనక్స్ మీద కాలేజీలో పేపరుంటే, బట్టీపట్టి గట్టెక్కినదాన్ని. తెర మీద వేలు పెట్టి ఒక్కో వరుసా చదివాను. ‘ఒక డిస్క్ కోసం చూశాను, రాలేదు’ అన్నదే దాని గోల. కంప్యూటర్ లేచేటప్పుడు ఏ డిస్క్‌ను ఎక్కడ కలుపుకోవాలో ఒక ఫైల్‌లో రాసి ఉంటుంది. మేము ఊడదీసిన డిస్క్ ఇంకా అందులో ఉంది. అది రాకుండా ముందుకు కదలకూడదని దానికి ఆజ్ఞ.

అంటే ఏదీ పాడవలేదు! ప్రాణం లేచొచ్చింది.

మేడమ్ పాస్‌వర్డ్ చెప్పారు. ఆ నల్ల తెర మీదే ఫైల్ తెరిచి, ఆ డిస్క్ ఉన్న వరుసలో ‘నోఫెయిల్’ అన్న ఒక్క మాట చేర్చాను. ఆ డిస్క్ లేకపోయినా ఫరవాలేదు, నువ్వు లే అని అర్థం. మళ్ళీ ఆన్ చేస్తే ఎక్కడా ఆగలేదు.

“అయితే మాదే మొదలెట్టండమ్మా,” అంటూ పెద్దాయన సీసా ముందుకు జరిపారు. ఆయన నీళ్ళలో రొయ్యలకు విషమయ్యే అమ్మోనియా తక్కువే ఉంది.

డిస్క్ బాగై తిరిగొచ్చాక తగిలించి ఆన్ చేస్తే, పాత రిపోర్టులు వాటి చోట్లో అవే వచ్చి కూర్చున్నాయి. మేడమ్ అది చూసి, “ఆకివీడులో ఇంకో ల్యాబ్ పెడుతున్నాం కదా, అక్కడి కంప్యూటర్ మొదట్నుంచీ నువ్వే సిద్ధం చెయ్యమ్మా,” అన్నారు.

ఆకివీడు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కొత్త కంప్యూటర్‌లో ఏది ముందు లేవాలి, దేని కోసం ఏది ఆగాలి అని దారి పొడవునా ఆలోచించుకుంటూ వెళ్ళాను.