బల్బు మార్చడానికి బంపర్ ఊడదీసిన మధ్యాహ్నం

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు, వానాకాలంలో, మా పెద్దమ్మ నన్ను మొదటిసారిగా ఒక కోరిక కోరింది. మార్కాపురం పలకల కార్ఖానాలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. సోమవారం ఆమెకు కంటి ఆపరేషన్. “కత్తి పెట్టినాక చూపు ఉంటదో పోతదో. ముందే ఒకసారి శ్రీశైలం చూపించు నాయనా” అంది. భయం లేదని డాక్టరు చెప్పినా నమ్మలేదు. ఆదివారం సాయంత్రానికి ఆసుపత్రిలో చేరాలి. అందుకే శనివారం మధ్యాహ్నం రెండింటికి గిద్దలూరులో నా కారులో బయలుదేరాం.

కంభం దాటాక మబ్బు కమ్మింది. లైట్లు వేస్తే వెలుగు లేదు. ఒకటి పోయి వారమైనా ఇంకోటి ఉంది కదా అని ఊరుకున్నాను. అదీ పోయింది. తప్పు నాదే. దోర్నాల దగ్గర అడవి చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు. లైట్లు లేకుండా ఘాట్ ఎక్కడం జరిగే పని కాదు. మూడున్నరకు మార్కాపురంలో ఒక షెడ్డు ముందు ఆపాను.

రెండు బల్బులు మూడు వందలు. మా నాయన పాత కారుకైతే నేనే ఐదు నిమిషాల్లో మార్చేవాణ్ణి. దీనికి మాత్రం ముందు బంపర్ మొత్తం ఊడదీయాలట. నాకు ఒళ్లు మండింది. “చెయ్యి దూరే సందు లేదన్నా. దీన్ని గీసినాయన ఎప్పుడూ స్పానర్ పట్టుకున్నట్టు లేదు” అన్నాడు మెకానిక్ బాషా.

బాషా ఒక పెద్ద పలక నేల మీద పెట్టి, సుద్దముక్కతో బంపర్ బొమ్మ గీశాడు. తీసిన ప్రతి స్క్రూనూ బొమ్మలో దాని చోటే పెట్టడం అతని పద్ధతి. పెద్దమ్మ స్టూలు మీద కూర్చుని, అతను అందించినవి అతను చెప్పిన చోట పెడుతూ ఉంది. ఇంతలో చినుకులు. నేను తెలివిగా పలకను లోపలికి తేబోయి వంచేశాను. స్క్రూలన్నీ కుప్పగా ఒక మూలకు జారిపోయాయి. పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. బాషా వంగి ఆ కుప్పను కెలకసాగాడు. తిట్టినా బాగుండేది.

“ఇట్లియ్యి. కింద వరసకు పొడుగువి, చక్రాల పక్క పొట్టివి. పట్టుకుంటే తెలవదా ఏంది” అని పెద్దమ్మ కళ్లు మూసుకుని ఒక్కొక్కటే వేళ్లతో తడిమి వేరు చేసింది. పలకల మందాన్ని అట్లాగే చూసేదట. బాషా అడిగిన వరుసలో అందించింది.

“పెద్దమ్మా, రేపట్నుంచి నా షెడ్డుకే రా” అన్నాడు బాషా.

ఐదుంబావుకు పని అయింది, కూలి నాలుగు వందలు. ఆరింటికి దోర్నాలలో టీ తాగి చెక్‌పోస్టు దాటాం. ఎనిమిదికి శ్రీశైలంలో ఉన్నాం.

కారు మీద కోపం ఇంకా ఉంది. బల్బు కోసం బంపర్ విప్పించే తెలివిని నేను మెచ్చుకోలేను. కానీ ఆ పూట వృథా అయిందని మాత్రం అనిపించలేదు. మీరు ఈ దారిన వెళ్లేటట్టయితే ముందురోజే లైట్లు వేసి చూసుకోండి, ఒకటి పోయినా అప్పుడే మార్పించండి.

తెల్లవారి గుడి బయటికి వచ్చాక, “బాగా చూసినావా పెద్దమ్మా” అని అడిగాను.

“మసకమసకగా కనపడినాడు నాయనా. ఆపరేషన్ అయినాక మళ్ల తీస్కరా, సరిగ్గా చూస్తా.”